తడిగుడ్డ చుట్టిన గొట్టం

ఉరుకుందలో మొక్కు తీర్చుకొని, సెలవు ముగించుకొని ఆదోని ల్యాబుకు వచ్చిన నాగవేణికి మొదట కనిపించింది యంత్రానికి చుట్టిన తడి గోనెగుడ్డ. చూడగానే ఒళ్లు మండిపోయింది.

ఆ గుడ్డ కింద ఉన్నది కాలమ్ అనే ఉక్కు గొట్టం. శనగవిత్తనాల నుంచి, అంటే వేరుశనగ పప్పుల నుంచి, తీసిన రసం దాని గుండా పోతూ వేరువేరు పదార్థాలుగా విడిపోతుంది. ఒక్కొక్కటి తెర మీది గీతలో ఒక్కో గుట్టగా లేస్తుంది. అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చోట పెద్ద గుట్ట లేచిందంటే ఆ సరుకు తినడానికి పనికిరాదు.

“ఎవురు సుట్టినారు సార్ దీన్ని?”

“నేనే,” అన్నాడు ల్యాబు యజమాని చెన్నకేశవులు, అదేదో ఘనకార్యమైనట్టు. “పంపు స్పీడు పెంచితే పనులు బిరబిరా అయితాండాయి. గొట్టం వేడెక్కుతాంటే నీళ్లకుండకు సుట్టినట్టు సుట్టినా.”

ఆ తెలివికి దండం పెట్టాలి. ఎంత చెప్పినా ఆయన చెవికెక్కని సంగతి ఇది. కాలమ్ నిండా పిండిలాంటి పొడి కూరి ఉంటుంది. అందులోంచి ద్రవాన్ని బలంగా తోస్తే రాపిడికి లోపలే వేడి పుడుతుంది. తడిగుడ్డ చుడితే చల్లబడేది గోడ మాత్రమే, నడుమ వేడి నడుమే ఉంటుంది. వేడెక్కిన ద్రవం పలచబడి నడుమ ముందుకు ఉరుకుతుంది, గోడ పక్కది వెనకబడుతుంది. ఒకే గుట్టగా కలిసి రావలసిన పక్క పదార్థం చెదిరిపోయి విషం చోటుకు పాకుతుంది. అప్పుడు ఏ పాపమూ ఎరుగనిది విషం లెక్కలో పడుతుంది.

“ఈ గుడ్డతో ఎవురెవురి సరుకు కాదన్నారు సార్?”

“మిషన్ సెప్పింది, మనం సెప్పినాం. అంతే.”

బయట బెంచీ మీద ఒకామె పొద్దున్నుంచి కూర్చుని ఉంది. ఎమ్మిగనూరు దగ్గర పల్లెలో శనగవిత్తనాల ఉండలు చేసి అమ్ముకునే మల్లేశ్వరి. ఆమె విత్తనాల్లో విషం ఉందని నిన్ననే ఫోన్లో చెప్పారట. పోట్లాడడానికి వచ్చిందనుకుంది నాగవేణి.

“సరుకంతా గుంత తీసి పూడ్సినామమ్మా,” అంది మల్లేశ్వరి. “దాని గురించి రాలేదు. మా మనమరాలు ఆ ఉంటలు తినింది. పాపకేమన్నా అయితాదేమో అడిగి పోదామని వచ్చినా.”

నాగవేణికి ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. లోపలికి వెళ్లి గుడ్డ పీకి పారేసింది. పంపు వేగం బాగా దించి, గొట్టం కుదుటపడేదాకా ఆగి, దాచి ఉంచిన మల్లేశ్వరి విత్తనాలతో పరీక్ష మళ్లీ మొదటినుంచి చేసింది. “టైము దండగ,” అని చెన్నకేశవులు గొణుగుతూనే ఉన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

ఈసారి పక్క పదార్థం గుట్ట సన్నగా, నిటారుగా లేచింది. విషం రావలసిన చోట గీత చదునుగా సాగిపోయింది.

చెన్నకేశవులు గొంతు తగ్గించాడు. “ఆమెకు బాగుందని సెప్పి పంపించు. గుడ్డ సంగతి ఎత్తొద్దు. మిగతావాళ్లంతా వచ్చి నెత్తిన కూర్సుంటారు.”

నాగవేణి తలుపు బార్లా తెరిచింది. ఆయనకూ వినపడేలా చెప్పింది.

“అక్కా, నీ శనగబుడ్డల్లో విషం లేదు. పాపకేమీ కాదు. తప్పు మాది. మా మిషన్‌కు తడిగుడ్డ సుట్టి నీ మీద నింద ఏసినాం.”

మల్లేశ్వరి కొంగుతో మొహం తుడుచుకుంది. లేచి లోపలికి వచ్చి చెన్నకేశవులు ఎదుట నిలబడింది.

“రాత్రంతా పాప ముక్కు కాడ సెయ్యి పెట్టి సూసుకుంటా కూర్సున్నానప్పా. నా మాదిరి ఇంకెంతమందిని కూర్సోబెట్టినావు?”

నాగవేణి అలమర తెరిచి, పనికిరావని పక్కన పెట్టిన విత్తనాల పొట్లాలను ఒక్కొక్కటే కిందికి దించసాగింది.