పొగ ముందు ఎవరి దగ్గరికెళ్ళింది

పొద్దున్నే లేచి పులిసిన పిండి మూత తీసి వాసన చూడడం బ్రిఖ్తి మొదటి పని. పులుపు సరిపోయిందనిపిస్తే మట్టి పెనం కింద మంట పెట్టి, అంచు నుంచి లోపలికి గుండ్రంగా పిండి పోసుకుంటూ గొడుగంత అట్లు, తైతాలు, వేసేది. మధ్యాహ్నమయ్యేసరికి అస్మరా పట్నంలోని ఆ సందులో టైలర్లు, గ్యారేజీ పనివాళ్ళు, బడిపంతుళ్ళు వచ్చి బ్రిఖ్తి వాళ్ళ హోటల్లో ఉన్న కాసిని బల్లల చుట్టూ ఇరుక్కునేవాళ్ళు. మొగుడు జెరాయ్ వడ్డించేవాడు. అత్త మెధిన్ వెనక గదిలో తెర చాటున కూర్చుని, గరిటె చప్పుడు విని, ఎవరికి కూర తక్కువైందో అక్కణ్ణించే అరిచేది.

భోజనాలయ్యాక కాఫీ. గింజలు వేగి పొగ లేచేది. ఆ ఇంటి కాఫీ పొగ గాలివాటున పోదు. ముందు ఇంట్లోవాళ్ళ దగ్గరికి, పెద్దా చిన్నా వరసన వెళ్ళి తల నిమిరి, ఆ తర్వాతే బయటివాళ్ళ దగ్గరికి పోతుంది. "మీ వాళ్ళదయ్యాక కాస్త ఇటు తోలు తల్లీ" అని పంతులు ముక్కు ముందుకు చాపుకుని కూర్చునేవాడు. కోడలిగా వచ్చిన కొత్తల్లో పొగ బ్రిఖ్తి దగ్గరికి వచ్చేది కాదు. పెద్దపిల్ల కడుపున పడ్డాకే వచ్చింది. అన్నాళ్ళూ ఆ ఇంట్లో పరాయిదానిలా తిరిగిన బాధ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు.

వానలు మొదలయ్యాక రిగ్బె అనే ఆవిడ రావడం మొదలుపెట్టింది. ముప్ఫై దాటిన మనిషి. గుడి పక్కన గుండీలు, దారాలు అమ్మే కొట్లో పని. ఎప్పుడూ తెర పక్కనున్న బల్ల దగ్గరే కూర్చునేది. ముద్ద నోట్లో పెట్టుకుని తెర వంక చూసేది.

"మీ అమ్మగారి ఒంట్లో ఎలా ఉంది?" అని జెరాయ్‌ని అడిగేది. జెరాయ్ నవ్వి ఇంకో గరిటె కూర వేసేవాడు.

"ఎవరావిడ?" అంది బ్రిఖ్తి ఒకనాడు.

"తినడానికొచ్చిన మనిషి."

"మీ అమ్మ సంగతి ఆవిడకెందుకు?"

"మర్యాదకి అడిగింది."

"ఆ మర్యాదేదో నన్నడగొచ్చుగా."

ఎప్పుడూ తిని వెళ్ళిపోయే రిగ్బె ఒకరోజు కాఫీకి కూడా ఆగింది. ఆ వేళకి జెరాయ్ మాంసం తేవడానికి వెళ్ళాడు. పొగ తెర అవతలికి, అత్త దగ్గరికి వెళ్ళి వచ్చింది. తన వంతేనని బ్రిఖ్తి తల వంచింది. పొగ ఆమెను దాటుకుని పోయి రిగ్బె తల మీద ఆగింది. జుట్టంతా నిమిరింది. ఆ తర్వాత తీరిగ్గా బ్రిఖ్తి దగ్గరికి వచ్చింది.

పంతులు ఖాళీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. టైలరు అక్కర్లేని దగ్గు దగ్గాడు. రిగ్బె కాఫీ తాగకుండానే లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రం జెరాయ్ మాంసం మూట దించకముందే బ్రిఖ్తి అడిగింది. "ఆవిణ్ణి ఎప్పుడు చేసుకున్నావు?"

"ఎవర్ని?"

"నాకంటే ముందే చేసుకున్నావులే. పొగ నన్ను దాటి పోయింది."

"పిల్లల మీద ఒట్టు బ్రిఖ్తీ, నాకేం తెలీదు."

"అయితే పొగ అబద్ధమాడిందా?"

జెరాయ్ మాంసం మూట దించి బల్ల మీద పెట్టాడు. ఆ పొగ తప్పు చేయగా అతనూ ఎన్నడూ చూడలేదు. ఎంత తలబద్దలు కొట్టుకున్నా తను ఆవిణ్ణి చేసుకున్నట్టు గుర్తుకు రాలేదు.

రిగ్బె మళ్ళీ రాలేదు. బ్రిఖ్తే గుండీల కొట్టుకి వెళ్ళి, నవ్వకుండా, "ఆదివారం కాఫీకి రండి" అని పిలిచింది. అందరి ఎదుటా తేల్చుకుని, పిల్లల్ని తీసుకుని కెరెన్‌లో పుట్టింటికి పోవాలని ఆమె పట్టుదల. బట్టల సంచీ సర్దుకుని తలుపు వెనక పెట్టింది.

ఆదివారం హోటల్ మూసేశారు. అత్తని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. బ్రిఖ్తి గింజలు వేయించి పెనం ఊపింది. పొగ మెధిన్ తల నిమిరింది. రిగ్బె దగ్గరికి వెళ్ళింది. అక్కణ్ణించి జెరాయ్ దగ్గరికి, ఆ తర్వాత బ్రిఖ్తి దగ్గరికి వచ్చింది.

పెనం ఆమె చేతిలోనే ఉండిపోయింది. పెళ్ళామైతే మొగుడి తర్వాత రావాలి. ఈవిడ జెరాయ్ కంటే ముందు.

"అత్తా, మీకు జెరాయ్ కంటే ముందు ఎవరైనా పుట్టారా?"

మెధిన్ రిగ్బె వైపు తిరిగింది. "ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. పోర్ట్ సూడాన్‌లో ఒకావిడ పెంచింది. పోయేముందు చెప్పింది. యుద్ధంలో నఖ్ఫా కొండల మీద విమానాలు బాంబులేసిన రోజు, అందరూ తలదాచుకున్న గుహలోంచి నన్నెత్తుకుని పరిగెత్తిందట. అమ్మ పేరు మెధిన్ అని మాత్రం తెలుసు."

"ఈ ఊళ్ళో మెధిన్‌లు బోలెడుమంది."

"చాలామంది ఇళ్ళకి వెళ్ళాను."

"మరిన్నాళ్ళూ ఇక్కడ తింటూ కూర్చున్నావే, నోరెందుకు విప్పలేదు?"

"మీరు నన్ను పోగొట్టుకున్నారో, వదిలించుకున్నారో తెలీక."

మెధిన్ తల అడ్డంగా ఊపింది. "పాతిపెట్టామన్నారు. రాళ్ళ కుప్ప చూపించారు. దాని మీద పడి ఏడ్చాను. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే నేనేమైపోవాలి?"

"పొగ పొరబడదమ్మా" అన్నాడు జెరాయ్. అక్క ఒకతి ఉండేదని అతనికి అంతవరకూ తెలియదు.

"పొరబడదు. అందుకేరా నా భయం."

బ్రిఖ్తి కాఫీ వంచింది. మొదటి కప్పు అత్తకిచ్చింది. రెండోది జెరాయ్‌కి ఇవ్వబోయి, చెయ్యి మళ్ళించి రిగ్బెకి ఇచ్చింది. తర్వాత లోపలికి వెళ్ళి, సంచీలోంచి పిల్లల బట్టలు తీసి అరలో సర్దింది.

సోమవారం మధ్యాహ్నం రిగ్బె వచ్చి ఎప్పటిలాగే తెర పక్క బల్ల దగ్గర కూర్చుంది. బ్రిఖ్తి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"లేవండి. అక్కడ తినడానికొచ్చినవాళ్ళు కూర్చుంటారు."

రిగ్బె మొహం పాలిపోయింది. బ్యాగు తీసుకుని వీధి గుమ్మం వైపు కదిలింది.

"అటెక్కడికి వదినా? వంటింటి దారి ఇటు. బుట్టెడు ఉల్లిపాయలున్నాయి."

కాసేపు తరిగిన చప్పుడు వినిపించాక, తెర అవతలి నుంచి మెధిన్ అడిగింది. "ఏ చేత్తో తరుగుతోంది?"

బ్రిఖ్తి చూసి చెప్పింది. "ఎడం చేత్తో, అత్తా."

తెర అంచు కదిలింది.

"అయితే ఆ కత్తి కాస్త నూరి ఇవ్వు" అంది మెధిన్. "వాళ్ళ నాన్నదీ ఎడంచేతి వాటమే. మొండికత్తి ఇస్తే విసుక్కునేవాడు."