మర్యాద నీళ్ళు

మూడోసారి ఉతికినా చొక్కా తెల్లబడలేదు. కాలరు దగ్గర పసుపు చార మొండికేసి కూర్చుంది. బట్టలుతికే ఆవిడ నడుం పట్టుకుని లేచి బకెట్లోకి చూసింది. సబ్బుబిళ్ళ సగం అరిగిపోయింది గానీ పిడికెడు నురగ లేదు. నీళ్ళ మీద తెల్లటి తెట్టు తేలుతోంది. ఆ ఉప్పునీళ్ళకి ఎంత సబ్బు పెట్టినా దండగే. చొక్కాల ఆసామి సాయంత్రం వస్తాడు. ఒక్క చొక్కా పాడైతే నాలుగు చొక్కాల కూలి కోసేస్తాడు. సబ్బు ధర మాత్రం ఎవరూ కొయ్యరు.

పక్కగది గోడలో టక్‌టక్‌మని చప్పుడైంది.

"వస్తున్నానే!" అనబోయి ఆ మాట మింగేసింది. ఆ గదిలో ఎవరూ లేరు. నెలన్నరగా దానికి తాళమే.

అంతకుముందు అందులో గుండీలు కుట్టే పిల్ల ఉండేది. కుట్టుమిషన్ల కంపెనీలో పొద్దస్తమానం చొక్కాలకి గుండీలు కుట్టి, రాత్రికి వేళ్ళు ముడుచుకోలేక అన్నం ముద్ద జారవిడుచుకునేది. మొగుడు లారీ క్లీనరు. ఇంట్లో ఉన్నది తక్కువ, లేనిది ఎక్కువ. తెల్లారకముందే వచ్చే కుళాయి కోసం ఆ పిల్లే ముందు లేచి గరిటెతో గోడ మీద కొట్టేది. "పెద్దమ్మా, కుంభకర్ణుడికి అక్కవా ఏంటి? లే, నీళ్ళొచ్చాయి!" అని అరిచేది. పెద్దమ్మ అని వరస కలుపుకున్నది కూడా ఆ పిల్లే.

బట్టలావిడ ఇంట్లో తాగడానికైనా ఉతకడానికైనా కుళాయి నీళ్ళే. పొయ్యి పక్కన ఒక స్టీలు కూజా మాత్రం వేరు. పటిక తిప్పి, తేరాక వంచి, కాచి, గుడ్డలో వడగట్టిన నీళ్ళు అందులో ఉండేవి. రోజూ అందరికీ కాచాలంటే గ్యాసు ఎవడబ్బ సొమ్ము? గడప తొక్కి వచ్చినవాళ్ళ కోసమే ఆ కూజా. తాము ఏ కంపు తాగినా సరే, వచ్చిన మనిషి చేతికి మురికినీళ్ళిస్తే తలెక్కడ పెట్టుకోవాలి? ఆ వరసలో ఏ గదిలో చూసినా ఇలాంటి కూజా ఒకటి ఉండేది.

వాటికి మర్యాద నీళ్ళని పేరు పెట్టింది గుండీల పిల్లే. ఎండనపడి వచ్చిందని బట్టలావిడ కూజా మూత తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపేసేది. "ఆ మర్యాద నీళ్ళు నాకెందుకు పెద్దమ్మా? నేనేమన్నా చుట్టాన్నా?" అని డ్రమ్ములో చెంబు ముంచుకుని గటగటా తాగేది. కడుపుతో ఉన్నప్పుడూ అలాగే తాగింది.

ఆ రోజుల్లోనే కుళాయి కంపు కొడుతోందని వీధి వీధంతా మొత్తుకుంటే, నీళ్ళ ఆఫీసు నుంచి ఒకాయన సీసాలతో వచ్చాడు. వచ్చింది మిట్టమధ్యాహ్నం. కుళాయిలో చుక్క లేదు. "ఇంట్లో పట్టుకున్నవే ఇయ్యమ్మా" అన్నాడు. ఎంతయినా గడపలోకి వచ్చిన మనిషి. ఆవిడ చెయ్యి తనంతట తానే కూజా మీదికి పోయింది. ఆయన సీసా నింపుకుని, పైగా ఒక గ్లాసు తాగి, బాగున్నాయని మెచ్చుకున్నాడు కూడా. ఆవిడ మురిసిపోయింది. 

"నీళ్ళు నిక్షేపంలా ఉన్నాయని ఆఫీసే తేల్చింది. ఇంకెవరైనా నోరెత్తితే గది ఖాళీ చెయ్యండి" అని ఆ గదులు అద్దెకిచ్చిన ఇంటాయన వరసంతా వినబడేలా చెప్పాడు. మురుగుకాలవలో మునిగి ఉన్న తుప్పుగొట్టం మార్చే ఖర్చు ఆయనకి తప్పింది. ఆ తర్వాత గుండీల పిల్ల కళ్ళు పచ్చబడ్డాయి. ఏడో నెలలో కామెర్లు. ఆసుపత్రికి ఆటోలో కూర్చుని వెళ్ళిన పిల్ల తిరిగి రాలేదు. కడుపులో బిడ్డా దక్కలేదు. తాగిన నీళ్ళే కారణమని డాక్టరు చెప్పాడు. బట్టలావిడని ఎవరూ ఒక్క మాటనలేదు. సీసాలో పోసింది కూజా నీళ్ళని ఎవరికి తెలుసు గనక? ఎవరైనా తిడితే బాగుండునని ఆవిడకి అనిపించేది. తిట్టేవాళ్ళు లేక గోడే రోజూ తట్టేది.

బయట తాళం తీసిన చప్పుడైంది. ఇంటాయన ఎవరికో గది చూపిస్తున్నాడు. కాసేపటికి చంటిపిల్లాణ్ణి చంకనేసుకుని ఒకమ్మాయి గుమ్మంలోకి వచ్చింది.

"పిల్లాడికి దాహంగా ఉందండీ. కాసిని నీళ్ళిస్తారా?"

బట్టలావిడ కూజాలోంచి గ్లాసు నింపి ఇచ్చింది. వాడు రెండు చేతులా పట్టుకుని తాగుతుంటే చూస్తూ నిలబడింది. అంతలో ఇంటాయన వెనకే నీళ్ళ ఆఫీసాయన వచ్చాడు. ఆసుపత్రివాళ్ళు రాసిన మీదట మళ్ళీ పంపారట. ఈసారీ మిట్టమధ్యాహ్నమే.

"పోయినసారి మంచి నీళ్ళిచ్చావమ్మా. ఇదిగో, ఈ సీసా నింపివ్వు."

"ఆ కూజాలోవి పొయ్యి" అన్నాడు ఇంటాయన. అంటే ఈయనకి మొదట్నుంచీ తెలుసన్నమాట!

బట్టలావిడ సీసా అందుకుంది. కూజా ఎత్తి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. "ఇవి పిల్లాడికుంచు" అని చెప్పి, వెనక్కి తిరిగి సీసాని డ్రమ్ములో ముంచింది. బుడబుడమంటూ నిండింది. అడుగున నల్లటి నలకలు తిరుగుతున్నాయి.

"అవి ఉతికే నీళ్ళే!" ఇంటాయన గదమాయించాడు.

"ఉతికేవీ ఇవే, తాగేవీ ఇవే."

"మరి పోయినసారి ఇచ్చినవో?" అన్నాడు ఆఫీసాయన.

"అవి కాచి వడగట్టినవి బాబూ. ఇంటికొచ్చారని మర్యాదకిచ్చాను. ఎక్కడివని మీరూ అడగలేదు. ఇక నా చేత్తో అవి ఇవ్వను. నమ్మకం లేకపోతే తెల్లవారుజామున రండి, కుళాయి కిందే పట్టుకోండి."

"ఈవిడకి మతి చలించిందండీ. గోడతో మాట్లాడుతుంటుంది" అని ఇంటాయన ఆవిడ వైపు తిరిగాడు. "ఈ గదిలో ఉండాలని లేదా నీకు?"

ఈ గది పోతే ఉతుక్కునే చోటూ లేదు, గిరాకీలూ లేవు. అయినా సీసా ఆఫీసాయన చేతిలోనే పెట్టింది. ఆయన ఇంటాయన మొహం చూశాడు. ఒక చేతిలో సీసా, మరో చేతిలో మూత పట్టుకుని ఎటూ తేల్చుకోలేకపోయాడు.

గోడలో టక్‌టక్‌మంది. పిల్లాడు గ్లాసు దించి అటు చూశాడు.

"ఆ గదిలో ఎవరైనా ఉన్నారా?" అంది కొత్తమ్మాయి.

"ఎవరూ లేరు, గొట్టంలో గాలి" అన్నాడు ఇంటాయన, కంగారుగా.

బట్టలావిడ తడిచేతులు తుడుచుకుని పీట వాల్చింది.

"ఉండేదమ్మా, గుండీలు కుట్టే పిల్ల. కూర్చో, చెప్తాను."