పిడుదులు ఏరే పని

పెద్దకోడలు పదకొండో కుక్క చెవి మడత విప్పింది. ఆముదపు గింజలంత పిడుదులు, నెత్తురు తాగి తాగి కదల్లేనంతగా బలిసి, వరసగా కరుచుకుని ఉన్నాయి. లాగితే కొన్ని ఊడి వచ్చేవి, కొన్ని వేళ్ల మధ్యే చిట్లేవి. చిట్లినప్పుడల్లా నల్లటి నెత్తురు గోళ్ల సందుల్లోకి పాకేది. ఎంత సబ్బు పెట్టి తోమినా ఆ కంపు అన్నం ముద్దతోపాటు నోటిదాకా వచ్చేది.

జాతికుక్కల్ని పెంచి అమ్మే ఆ షెడ్డులో ఈ పని తోడికోడళ్లిద్దరిది. చిన్నకోడలు మంచాన పడి తొమ్మిది రోజులైంది కాబట్టి ఇప్పుడు ఒక్కదానిదే. చేతులకు తొడుగులు ఇప్పించమని ఇద్దరూ అడిగి చూశారు. తొడుగులుంటే పిడుదు పట్టు దొరకదని యజమానురాలు కొట్టిపారేసింది. మందు కొడితే కుక్కపిల్లల బొచ్చు మెరుపు పోతుందని అదీ మాన్పించింది. ఒక్కో పిల్ల వెల వీళ్లిద్దరి ఆర్నెల్ల జీతం మరి.

చిన్నకోడలికి మొదట జ్వరం, ఆపైన తల పగిలిపోయే నొప్పి. వీధి చివరి క్లినిక్కులో వైరల్ జ్వరమని మూడు రోజులకు మాత్రలిచ్చి పంపారు. ఆరోనాడు మణికట్ల మీద, అరికాళ్లలో ఎర్రటి మచ్చలు లేచాయి. వేడి చేసిందంది అత్తగారు. మోకాలి వెనక చురక పెట్టినట్టు నల్లగా మాడిన పొక్కు ఒకటి ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

ఆ రోజు కుక్కల డాక్టరు పిల్లల్ని చూడ్డానికి వచ్చాడు. పెద్దకోడలు ఆయన్ని గేటు దగ్గరే ఆపి సంగతంతా చెప్పింది. మచ్చల మాట వినగానే ఆయన చేతిలో సంచి కింద పెట్టాడు.

“పిడుదు కరిచి ఉంటుందమ్మా. దాని ద్వారా వచ్చే క్రిమి మన ఒంట్లో కణాల లోపలికే దూరి దాక్కుంటుంది. మామూలు జ్వరం మాత్రలకి లొంగదు. వేరే మందుంది, చవకదే. నేను మనుషులకి రాయకూడదు. ఇప్పుడే పెద్దాసుపత్రికి పంపించు. పిడుదులేరే పని చేస్తుందని ముందే చెప్పమను, లేకపోతే వాళ్లకి తట్టదు.”

“తొమ్మిది రోజులైపోయింది కదండీ.”

ఆయన తొందరపడమన్నాడు, అంతే.

మరిదికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పి, తానూ వెళ్తానని యజమానురాలిని అడిగింది. నాలుగింటికి కొనేవాళ్లు వస్తున్నారని, అప్పటికి పిల్లలు అద్దంలా ఉండాలని ఆవిడ అంది.

“జ్వరాలు అందరికీ వస్తాయి, నా కుక్కల మీదకి నెట్టకండి. వచ్చినవాళ్ల ముందు ఆ ఊసెత్తావంటే రేపట్నించి రానక్కర్లేదు.”

మూడింటికి మరిది ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. మందు మొదలుపెట్టారట. మూత్రపిండాలు దెబ్బతిన్నాయట, రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారట. పిడుదుల సంగతి మొదటిరోజే క్లినిక్కులో ఎందుకు చెప్పలేదని చివాట్లు పెట్టారట. “మనకేం తెలుసొదినా” అని అతను ఏడ్చాడు.

పెద్దకోడలు పిల్లల బుట్ట ముందు కూర్చుంది. చెయ్యి ముందుకు పోలేదు. గోళ్లకింది నల్లటి గీతల్ని చూసుకుంటూ అలాగే ఉండిపోయింది. యజమానురాలు తొందర తొందరగా వచ్చి, బుట్టలోకి తొంగైనా చూడకుండా పిల్లల మీద సువాసన పౌడరు చల్లింది. పిడుదులకన్నా ఆ పౌడరే పెద్దకోడలికి ఎక్కువ కంపు కొట్టింది.

వచ్చినవాళ్లు కొత్త దంపతులు. భార్య ఒక పిల్లను ఎత్తి గుండెకు హత్తుకుంది. పసిబిడ్డల్లా సాకుతామని, వెతికినా ఒక్క పురుగు కనబడదని యజమానురాలు చెబుతోంది. ఆ అమ్మాయి మురిసిపోతూ పిల్లను బుగ్గ దగ్గరకు తెచ్చుకుంది.

“ఆనించుకోకమ్మా” అంది పెద్దకోడలు.

యజమానురాలు పళ్లు బిగించి ఆమెను లోపలికి పొమ్మంది. పెద్దకోడలు కదల్లేదు. అమ్మాయి చేతుల్లోని పిల్ల చెవిని రెండు వేళ్లతో పట్టుకుని, మెల్లగా మడత విప్పి, వెలుతురు వైపు తిప్పింది.