వందేళ్ళ బొటనవేలు

"ఆ గ్లాసులు కాదు వదినా, బంగారు అంచువి తీయ్. వచ్చింది మామూలు మనిషి కాదు," అని మరిది మెట్ల కింది నుంచి కేకేశాడు. అప్పటికే ఆమె టీ పోసేసింది. పోసిన టీని మళ్ళీ గిన్నెలోకి వంచి, బంగారు అంచు గ్లాసులు దించి, కడిగి, తుడిచి, వాటిలోకి పోసింది. టీ రుచి వీసమెత్తు మారలేదు. కడగాల్సిన గ్లాసులు మాత్రం రెట్టింపయ్యాయి.

కింద కొట్టు, పైన కాపురం, మధ్యలో ఇరుకు మెట్లు. ఆ మెట్లు ఎక్కీ దిగీ ఆమె మోకాళ్ళు అరిగిపోయాయి గానీ, కొట్టుకీ ఆమెకీ ఏదో సంబంధం ఉందని ఎవరికీ తోచలేదు. కొట్టు భర్తది. తాతల నాటి బీరువాలకీ, పెట్టెలకీ, రాతబల్లలకీ ఊడిపోయిన పిడులూ, విరిగిన బందులూ అక్కడ దొరుకుతాయి. ఇంకెక్కడా దొరకవు. ఆయన పనితనం గురించి కథలు కోకొల్లలు. ఆయన పిడి బిగించి బయల్దేరితే బీరువా తన తలుపు తానే తీసి సాగనంపేదట. కాలు విరిగిన కుర్చీని బాగుచేసి ఇస్తే, కూలి మనిషి దండగని అది సందు మలుపు దాకా నడిచే వెళ్ళిందట. నమ్మని వాళ్ళు ఆ కుర్చీనే అడగొచ్చు. అంతటి ఘనుడు పోయిన చలికాలంలో ఒక మధ్యాహ్నం భోంచేసి, "కాస్త నడుం వాలుస్తా" అని వాల్చినవాడు మళ్ళీ లేవలేదు.

ఇవాళ ఆ కొట్టుకి బేరం. కొట్టుతోపాటు పైన ఇల్లు కూడా పోతుంది. బేరం తెచ్చింది మరిది. అమ్మేశాక ఆమె ఎక్కడుండాలో కూడా ఆయనే తేల్చేశాడు. "మా వెనక గది ఖాళీగానే ఉంది వదినా. మా ఆవిడకి నడుంనొప్పి, పిల్లలకి పరీక్షలు. నువ్వొస్తే ఇల్లు కళకళ్ళాడిపోతుంది." ఆ కళ ఎక్కణ్ణుంచి వస్తుందో ఆమెకి తెలుసు. తోమిన గిన్నెల్లోంచి వస్తుంది. భర్త పోయాక కొట్టు ఆమె పేరు మీదికి వచ్చింది కాబట్టి ఆమె ఊ అంటే గానీ అమ్మకం కుదరదు. ఆ ఊ కోసమే కిందికి రమ్మన్నారు. ఎలాగూ వస్తోంది కదా అని టీ కూడా తెమ్మన్నారు.

వచ్చినాయన పేరు ఆమెకెవరూ చెప్పలేదు. మెడలో గొలుసుకి భూతద్దం వేలాడుతోంది కాబట్టి మనసులో భూతద్దమాయన అని పెట్టుకుంది. ఆయన అరల వైపు కన్నెత్తి చూడలేదు. "అదంతా తూకానికి పోయే ఇత్తడి," అన్నాడు. బల్ల కింద తాళం వేసి ఉంచిన సొరుగొక్కటే ముందేసుకు కూర్చున్నాడు. దాన్ని భర్త అసలు సొరుగు అనేవాడు. అందులోవన్నీ వందేళ్ళ నాటి అసలు పిడులని పేరు. ఈ కొట్టుకి ఇంత ధర పలుకుతోందంటే ఆ సొరుగు వల్లే.

భూతద్దమాయన ఒక పిడిని వెలుతురులోకి ఎత్తాడు. "ఈ వంపు చూడండి, ఎలా అరిగిందో! ఎన్ని తరాల చేతులు తాకితే ఇంత నునుపు తేలుతుంది! అత్తలు, కోడళ్ళు, మనవరాళ్ళు... ఇది మనిషి చేసే పని కాదండీ. కాలం చేసే పని."

కాలం అప్పుడు టీ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

ఆ కాలం ఎలా పనిచేసేదో ఆమెకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పోత పోసిన చోటు నుంచి పిడులు కొత్తల్లుళ్ళలా తళతళలాడుతూ దిగేవి. పెళ్ళయిన కొత్తలో భర్త ఒకటి చేతిలో పెట్టి, "ఒకావిడ బీరువాకి పిడి పోయింది. మిగతావాటి పక్కన ఇది ఎబ్బెట్టుగా ఉంది. కాస్త పాతబరచగలవా?" అనడిగాడు. అడగడం ఆ ఒక్కసారే. ఆ తర్వాత డబ్బా మెట్టు మీద పెట్టి వెళ్ళిపోయేవాడు. ఆమె రంపంపొట్టుని వెనిగర్‌తో తడిపి, ఉప్పు కలిపి, పిడుల్ని అందులో పాతి మూత బిగించేది. మూత తీసిన రోజు ఆ ఘాటుకి వంటింటి బల్లులు పిల్లాపాపలతో పక్కింటికి మకాం మార్చేశాయి. అలా మారిపోయే వీలు లేని అత్తగారు, "ఆ చేతులతో నాకు వడ్డించకు," అనేది. అయినా వేరే చేతులు ఆ ఇంట్లో లేవు కాబట్టి అవి వడ్డించిందే తినేది. ఆ తర్వాత మైనం రాసి రుద్దడం. గుడ్డతో రుద్దితే పిడి అంతా ఒక్కలాగే మెరుస్తుంది. మనుషులు అలా పట్టుకోరు. అందుకని అన్నం ఉడికేలోపు, అత్తగారికి మందులిచ్చే వేళ అయ్యేలోపు, బొటనవేలితోనే రుద్దేది. ఈ పిడిని పొద్దున్నే హడావిడిగా లాగే ఆవిడ ఎలా లాగుతుంది? మొగుడి మీద కోపంతో ధన్‌మని మూసే ఆవిడ ఎక్కడ పట్టుకుంటుంది? దాచుకున్న మిఠాయి కోసం చప్పుడు కాకుండా తెరిచే ముసలమ్మో? ఒక్కో పిడికి ఒక్కో ఆడమనిషిని ఊహించుకుని, వాళ్ళందరి బదులూ తన ఒక్క వేలే అరగదీసేది. కొన్నాళ్ళకి వేలి మీద గీతలే లేకుండా పోయాయి. బ్యాంకులో వేలిముద్ర యంత్రం ఎంతసేపు నొక్కినా ఆమెని గుర్తుపట్టలేదు. "అసలిలాంటి మనిషే లేదంటోందండీ యంత్రం!" అని భర్త నలుగురిలో చెప్పి నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే ముభావం అంటారు.

తన పిడులు అసలు సొరుగులోకి చేరడం చూసిన రోజు మాత్రం ఇదేంటని అడిగింది. ఆయన కళ్ళజోడు కూడా తీయలేదు. "పాతవని నేను ఎవరితోనైనా అన్నానా? వాళ్ళు అనుకుంటారు. అనుకోనీ. నీకేం, కూర్చుని రుద్దుతావు. తల బద్దలు కొట్టుకునేవాణ్ణి నేను."

"ఏమ్మా," అని భూతద్దమాయన ఇటు తిరిగాడు. "ఆయన లేరు కాబట్టి మిమ్మల్నే అడగాలి. మీ నోటితో ఒక్క మాట చెప్పండి. ఇవన్నీ పాతవేనా? అవునంటే ఈ పూటే ముగిద్దాం."

ఆ కొట్టులో ఆమెని ఒక ప్రశ్న అడగడం అదే మొదలు. జవాబు మరిది చెప్పాడు. "వదిననేం అడుగుతారండీ! వంటిల్లు దాటి ఎరగదు. ఇత్తడికీ పుత్తడికీ తేడా తెలియని మనిషి. అవునను వదినా, పనైపోతుంది."

అవునంటే వెనక గది. కాదంటే, పోయిన మనిషి పేరు రచ్చకెక్కుతుంది. మరిది కనుబొమలు పైకెత్తి, ఊ కానీ అన్నట్టు తలాడించాడు.

"కాదండీ," అంది. "అవి పాతవి కావు. నేను చేసినవి."

మరిది ముందు నవ్వాడు. "అన్నయ్య పోయిన దగ్గర్నుంచీ వదినకి కాస్త..." అంటూ చెవి పక్కన వేలు తిప్పాడు. ఆమె పళ్ళెం బల్ల మీద పెట్టి, భూతద్దమాయన చేతిలో పిడి తీసుకుని, ఆ అరిగిన వంపులో తన బొటనవేలు ఆనించింది. వేలు అక్కడే పుట్టినట్టు ఒదిగింది. సొరుగులోంచి ఇంకోటి తీసింది. అందులోనూ అంతే. మూడోది తీసేసరికి భూతద్దం పిడిని వదిలి వేలి మీదికి వచ్చింది.

మరిది మొహం ఎర్రబడింది. "చచ్చిపోయిన మనిషిని దొంగని చేశావు గదా వదినా! ఇన్నేళ్ళూ నోరెత్తకుండా ఉండి, ఇవాళే దొరికిందా నీకు?"

"నన్ను అడిగిందే ఇవాళ మరిదిగారూ."

భూతద్దమాయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. స్టూలు దగ్గరికి జరుపుకుని గొంతు తగ్గించాడు. "అమ్మా, ఈ మాట ఈ గది దాటకూడదు. అనుకున్న ధరకే కొంటాను. మీరు మీ మరిదిగారింట్లో హాయిగా ఉండండి. నేను డబ్బా పంపిస్తూ ఉంటాను, మీరు తీరిగ్గా రుద్ది పంపండి. బయటికి రానక్కర్లేదు, ఎవరితో మాట్లాడక్కర్లేదు. మీ పేరు ఎక్కడా రానివ్వను. నాదీ పూచీ."

మరిది మొహం దీపంలా వెలిగింది. "వెనక గదికి కిటికీ ఉంది వదినా! వాసన బయటికే పోతుంది."

భర్త పోయాడు గానీ ఆ డబ్బా పోలేదు. అది కూర్చోడానికి ఇంకో ఇంటి మెట్టు వెతుక్కుంటోంది.

ఆమె గోడ దగ్గరికి నడిచింది. తాళంకప్పల మీద అక్షరాలు కొట్టమని వచ్చేవాళ్ళ కోసం గోడకి ఇనుప అచ్చులు వరసగా గుచ్చి ఉన్నాయి. వాటిలో తన పేరులోని మొదటి అక్షరం వెతికి తీసింది. చేతిలో పిడిని బల్ల మీదున్న ఇనుప దిమ్మకి ఆనించి, దాని మీద అచ్చు నిలబెట్టి, సుత్తి అందుకుంది.

"ఏం చేస్తున్నారమ్మా? గుర్తు పడితే అది పాతది ఎలా అవుతుంది?" అని భూతద్దమాయన స్టూలు మీంచి లేచిపోయాడు.

"అవదండీ. నేను చేసిందవుతుంది."

సుత్తి దెబ్బకి గాజు తలుపులు జిల్లుమన్నాయి. ఇత్తడిలో అక్షరం లోతుగా దిగింది. మరిది సొరుగుని లాక్కోబోయాడు. ఆమె దాన్ని మోకాలితో బల్లకి అదిమిపెట్టి రెండో పిడి తీసింది.

"ఒక్కోటీ ఎంత పలుకుతుందో తెలుసా నీకు?" అని మరిది అరిచాడు.

"తెలీదు. నా పనికి ఎవరూ వెల చెప్పలేదు."

మళ్ళీ దెబ్బ. భూతద్దమాయన గొలుసు చొక్కాలోకి తోసుకుని, టీ ముట్టకుండానే గుమ్మం దిగిపోయాడు. మరిది వీధి వైపోసారి, ఆమె వైపోసారి చూశాడు. ఎక్కడుంటావు, ఏం తింటావు, రేపు కాలో చెయ్యో విరిగితే ఎవరు చూస్తారు అంటూ గుక్కతిప్పుకోకుండా అడిగాడు. ఆమె మూడో పిడిని దిమ్మ మీద సరిగ్గా కుదిర్చింది.

"పైన ఉంటాను. కింద పనిచేస్తాను. కొత్తదాన్ని పాతదానికి జతగా చేశానని చెప్పే అమ్ముతాను," అంది. సుత్తి ఎత్తింది. "వెలుతురుకి అడ్డం తప్పుకోండి మరిదిగారూ."