ఆఫ్రికాకు నైరుతి కోత

చక్రపాణి మాస్టారికి ఆఫ్రికా అంటే ప్రాణం. ఆ ఖండం వైపు ఆయన ఎన్నడూ వెళ్లలేదు. పడమటి దిక్కుగా చేసిన అతి దూరప్రయాణం జహీరాబాదులో ఒక పెళ్లికి. అయినా యాభై మూడు దేశాలూ, వాటి రాజధానులూ, ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో, ఏ గడ్డిమైదానంలో ఏ జంతువు మేస్తుందో అన్నీ మంత్రపుష్పంలా నోటికి వచ్చు. సొంత పెళ్లిరోజు మాత్రం ఏటా భార్య గుర్తు చేయాల్సిందే.

ఆయనకు ఇంకో గుణం కూడా ఉంది. తప్పు కనిపిస్తే దిద్దకుండా ఉండలేడు. దీని పుణ్యమా అని తొమ్మిదేళ్లలో ఆరు ప్రైవేటు స్కూళ్లు మారాడు. సూరారంలో ఉండగా ఒక ప్రిన్సిపాల్ ఆగస్టు పదిహేను ఉపన్యాసంలో నైలు నది ఆసియాలో ఉందన్నాడు. మాస్టారు మైకు అందుకుని నదిని ఆఫ్రికాకు తిరిగి చేర్చాడు. సాయంత్రం జెండా దించకముందే ఆయన్ని ఇంటికి పంపించేశారు.

తొంభై ఎనిమిది జూన్‌లో మేడ్చల్‌లో ఏడో ఉద్యోగం దొరికింది. పంతుళ్ల పిల్లలకు అక్కడ ఫీజు లేదు. కూతురు నవ్యశ్రీని అదే బడిలో ఏడో తరగతిలో చేర్పించాడు. మొదటి రోజు టిఫిన్ డబ్బా చేతికిస్తూ పార్వతీదేవి గుమ్మంలోనే ఆపింది.

"ఏమండీ, ఈ ఒక్క ఏడాది ఎవరినీ దిద్దకండి. సూర్యుడు పడమట ఉదయిస్తాడని ఎవరైనా అంటే, అవునండీ, ఈ మధ్య అలాగే ఉదయిస్తున్నాడు అనండి. ఈసారి పోతే మీ ఒక్కరి ఉద్యోగమే కాదు, దాని చదువూ పోతుంది."

చక్రపాణి సరేనన్నాడు. ఏడో ఉద్యోగం మీద ఏడో తరగతి ఆధారపడి ఉందన్న సంగతి ఆయనకూ తెలుసు.

బడి కరస్పాండెంటు రాఘవేందర్‌కు శామీర్‌పేట దగ్గర కోళ్ల ఫారాలున్నాయి. ఆ రోజుల్లో వాస్తు పిచ్చి ఊరందరికీ పట్టుకుని ఉంది, ఆయనకు ఇంకాస్త గట్టిగా పట్టుకుంది. కోళ్ల షెడ్డుకు మూడుసార్లు వాకిలి మార్పించాడు. కోళ్లు దారి తెలియక కొన్నాళ్లు ఇబ్బంది పడ్డాయి, అంతే. ఏడో తరగతి దాకా ఉన్న బడికి హైస్కూలు పర్మిషన్ తెచ్చుకోవాలన్నది ఆయన పట్టుదల. తనిఖీకి వచ్చే అధికారి కంటికి ఇంపుగా ఉండాలని వరండా గోడ మీద ఒక ఖండం పటం వేయిద్దామన్నాడు. ఏ ఖండం అని అడగడం పూర్తికాకముందే చక్రపాణి ఆఫ్రికా అనేశాడు.

పటం గీయడానికి గౌడవెల్లి నుంచి సిద్దిరాములు వచ్చాడు. దుకాణాల బోర్డులు, లారీల వెనక తలుపులు, గుడి గోడలు, ఏదైనా రాసేవాడు. అట్లాసులోని ఆఫ్రికా మీద పెన్సిలుతో చిన్న గళ్లు కొట్టాడు. సుద్దపొడి పట్టించిన దారం లాగి గోడ మీద పెద్ద గళ్లు కొట్టాడు. ఇక గడికి గడి చూసి దించడమే. మూడు వారాలు, బడి వదిలాక రోజూ చీకటి పడేదాకా చక్రపాణి పక్కనే నిలబడ్డాడు.

దేశాలతో పేచీ రాలేదు. జంతువులతోనే వచ్చింది.

"ఇదేమిటయ్యా, ఏనుగుకు గంటలెందుకు? అవి అడవి ఏనుగులు. చెవులు కూడా చేటలంత ఉండాలి" అన్నాడు చక్రపాణి.

"గంటల్లేని ఏనుగును నేనెన్నడు గియ్యలే సార్. గంటలేస్తెనే నాకు కాళ్లు కుదురుతయ్."

గంటలు తీయడానికి ఒక రోజు పట్టింది. పులి దగ్గర రెండు రోజులు. ఆఫ్రికాలో పులి లేదంటే సిద్దిరాములు నమ్మలేదు.

"గంత పెద్ద అడివుండి పులి లేకుంటెట్ల సార్? మరి గా జింకలను ఎవలు తింటరు?"

"సింహాలు తింటాయి. చిరుతలు తింటాయి."

చివరికి సిద్దిరాములు నిట్టూర్చి పులి చారలు చెరిపి మచ్చలు పెట్టాడు. దాని మొహం మాత్రం పులి మొహంగానే ఉండిపోయింది. చక్రపాణి చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. అప్పటికే దిద్దకుండా ఉండటం అలవాటు చేసుకుంటున్నాడు పాపం.

పని పూర్తయిన సాయంత్రం ఎదురుగా నిలబడి చూస్తే ఆయన కళ్లు చెమ్మగిల్లాయి. పిల్లలంతా వెళ్లిపోయారు కాబట్టి ఎవరూ చూడలేదు. ఒక్క దేశమూ పోలేదు. సముద్రంలో ఆవగింజంత ఉన్న సావో టోమేకు కూడా చుక్క పెట్టించాడు.

మూడో రోజు రాఘవేందర్ వాస్తు సిద్ధాంతి లింగస్వామిని వెంటబెట్టుకొచ్చాడు. కొత్త మరుగుదొడ్లు చూపించాలని పిలిపించాడు. వాటిని చూసి తిరిగి వస్తూ లింగస్వామి పటం ముందు ఆగాడు. పై దిక్కు ఉత్తరమని తెలుసుకుని, చేతికర్రతో ఖండాన్ని పరీక్షించడం మొదలుపెట్టాడు.

"ఉత్తరాన నీళ్లున్నయ్, మంచిది. నది గూడ ఉత్తరం దిక్కే పారుతాంది. తెల్విగల్లోళ్ల పని. తూర్పు జర పెరిగింది, పర్వాలే. ఆగ్నేయంల గిదేంది, ఇడిగ?"

"మడగాస్కరండి. ద్వీపం" అన్నాడు చక్రపాణి.

"వంటిల్లన్నట్టు. సరిగ్గనే వెట్టిండ్రు."

కర్ర పడమటికి తిరిగి కిందికి జారి ఆగిపోయింది. లింగస్వామి మొహం మాడిపోయింది.

"అరెరే! నైరుతి మొత్తం కోసేసిండ్రు గదనే! రాఘవేందర్, గిసుంటిది ముందట వెట్టుకొని నీకు పర్మిషనెట్లొస్తదే? నైరుతి కోతుంటె యజమాని నిలవడడు."

రాఘవేందర్‌కు చెమటలు పట్టాయి. కిందటి వేసవిలో రెండు షెడ్ల కోళ్లు ఎందుకు చచ్చాయో ఇప్పుడు అర్థమైందన్నాడు. పటం వేసింది మొన్ననే కదా అన్న మాట చక్రపాణి నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయింది.

"ఇగ ఉపాయమేంది?" అన్నాడు రాఘవేందర్.

"పై కొసకు, కింది కొసకు దారం గుంజి కొట్టుండ్రి. నడుమ జాగంత భర్తి చేయుండ్రి."

"అది సముద్రమండి" అన్నాడు చక్రపాణి.

"సముద్రమైతే ఏమైతది సార్? మన దిక్కు చెరువులనే పూడ్శి ప్లాట్లు జేస్తలేరా?" అన్నాడు రాఘవేందర్.

చక్రపాణి నోరు తెరిచాడు. కిటికీలోంచి ఏడో తరగతి కనిపిస్తోంది. రెండో బెంచీలో నవ్యశ్రీ తల వంచుకుని రాసుకుంటోంది. తెరిచిన నోరు మూశాడు. ఆ పులి మొహాన్ని లెక్కలోంచి తీసేస్తే, పుట్టి బుద్ధెరిగాక ఆయన ఒక తప్పును తప్పుగా వదిలేయడం అదే మొదటిసారి. అదీ చిన్నాచితకా తప్పు కాదు, అట్లాంటిక్ మహాసముద్రం.

సిద్దిరాములు మళ్లీ వచ్చి లైబీరియా కొస నుంచి కేప్‌టౌన్ దాకా దారం కొట్టాడు. నీలం మీద ఆకుపచ్చ ఎక్కింది. లాగోస్‌కు ఓడలు రావడం ఆగిపోయింది. కాంగో నది అన్ని అడవులూ దాటుకుని వచ్చి, తీరా సముద్రం లేక నిలబడిపోయింది. కొత్త నేలకు ఏం పేరు రాయాలని అడిగితే "పేరెందుకు, ఖాళీ ప్లాటే గదా" అన్నాడు రాఘవేందర్. మరీ బోసిగా ఉందని సిద్దిరాములు అక్కడ నాలుగు జిరాఫీలను నిలబెట్టాడు.

చివరికి సావో టోమే చుక్క ఒక్కటి మిగిలింది.

"సార్, గిది దేశమంటిరి గదా. మనుషులుంటరా అండ్ల?"

"ఉంటారు. లక్షకు పైనే."

"మరి దీని మీదికెల్లి గూడ కొట్టాల్నా?"

చక్రపాణి ఆ చుక్కను వేలితో ఒకసారి తాకాడు. తర్వాత "కొట్టు" అన్నాడు. ఖండంలో యాభై రెండు దేశాలు మిగిలాయి.

అటుపైన నాలుగు నెలలు చక్రపాణి ఆ గోడకు వీపు పెట్టి పాఠం చెప్పాడు. సహారా చెప్పాడు, కిలిమంజారో చెప్పాడు, గడ్డిమైదానాల్లో లక్షల మృగాలు వానల వెంట నడిచిపోవడం చెప్పాడు. పిల్లలు నోళ్లు తెరుచుకుని విన్నారు. పడమటి తీరం వచ్చేసరికి మాత్రం "ఆ పేరా ఇంటి దగ్గర చదువుకోండి" అన్నాడు. నవ్యశ్రీ ఇంటి దగ్గర అట్లాసు ముందేసుకుని చదువుకుంది. గోడ మీద అలా ఎందుకుందని తండ్రిని ఒక్కసారీ అడగలేదు. అడిగితే ఏం చెప్పాలా అని భయపడిన మనిషికి, అడగకపోవడం ఇంకా కష్టమైంది.

జనవరిలో తనిఖీ అధికారి ఫణిభూషణ్ వచ్చాడు. రిజిస్టర్లు చూశాడు, మరుగుదొడ్లు చూశాడు, జీడిపప్పు ఉప్మా తిన్నాడు. ఇక సంతకం పెట్టడమే తరువాయి అనగా, పెన్ను చేత్తో పట్టుకునే వరండాలోకి వచ్చి పటం ముందు నిలబడ్డాడు. ఏడో తరగతి పిల్లలు అప్పటికే అక్కడ వరసగా కూర్చుని ఉన్నారు. అధికారి రెండో వరసలో నవ్యశ్రీని లేపాడు.

"చూడమ్మా, గినియా సింధుశాఖ ఎక్కడుందో వచ్చి చూపించు."

పాఠం చివర ఉన్న ప్రశ్నల్లో అది మూడోది. రాఘవేందర్‌కు సింధుశాఖ అంటే నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రమని తెలియదు గాని, చక్రపాణి మొహం చూసి అది జిరాఫీల కింద ఉందని గ్రహించాడు.

నవ్యశ్రీ గోడ దగ్గరికి వచ్చింది. పటం చూసింది. రాఘవేందర్‌ను చూసింది. తర్వాత తండ్రిని చూసింది.

"ఆఫ్రికాలో గినియా సింధుశాఖ లేదు సార్" అంది. రెప్ప కూడా కొట్టలేదు.

ఫణిభూషణ్ గోడకు దగ్గరగా జరిగాడు. చేతులు వెనక్కి కట్టుకుని లైబీరియా నుంచి కేప్‌టౌన్ దాకా రెండుసార్లు వెతికాడు. తీరం గీత గీసినట్టుంది. ఆయన మొహంలో కాసేపు అనుమానం, ఆ తర్వాత చిరునవ్వు కనిపించాయి.

"శభాష్! లేనిదాన్ని అడిగితే పిల్లలు ఏం చెబుతారోనని కావాలనే అడిగాను" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. రాఘవేందర్ ఫైలు తెరిచి పట్టుకున్నాడు. అధికారి పెన్ను మూత తీశాడు.

చక్రపాణి ఒక్కడే చప్పట్లు కొట్టలేదు. ఆరు ఉద్యోగాలు పోయినప్పుడు కూడా ఆయనకు రాత్రి నిద్ర పట్టింది. ఈ రాత్రి పట్టదని తెలిసిపోయింది. తెలియక తప్పు చెప్పే పిల్లల్ని వందల మందిని చూశాడు. తెలిసీ తప్పు చెప్పిన పిల్లను ఇప్పుడే చూశాడు, ఆ పిల్ల తన కూతురు, చెప్పింది తన కోసం.

"ఉందండి" అన్నాడు.

"ఏమిటి?" అన్నాడు అధికారి.

"గినియా సింధుశాఖ. ఉందండి. అమ్మాయి తప్పు చెప్పింది."

"సార్, జర ఆగుండ్రి" అన్నాడు రాఘవేందర్ చిన్న గొంతుతో. "దండం వెడ్త సార్, సంతకమైనంక జెప్పుండ్రి."

చక్రపాణి సుద్దముక్క తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు. నున్నటి రంగు మీద సుద్ద సరిగ్గా పడలేదు. గట్టిగా నొక్కి, లైబీరియా మూల నుంచి తూర్పుకు గీత లాగాడు. జిరాఫీల మెడల మీదుగా లాగాడు. "ఇది అక్రా. ఇది లోమే. ఇది లాగోస్. ఇక్కణ్నుంచి తీరం దక్షిణానికి తిరుగుతుంది. ఇదిగో, కాంగో నది ఇక్కడ సముద్రంలో కలుస్తుంది" అంటూ ఒక్కొక్క ఊరికీ దాని సముద్రం దానికి ఇచ్చేశాడు. నాలుగు నెలలు ఇంటి దగ్గర చదువుకోమన్న పేరా అంతా ఒక్క గుక్కలో చెప్పాడు. వెనక ఎక్కడో పెన్ను మూత పెట్టిన చప్పుడైంది.

చెప్పడం అయ్యాక పక్కకు తిరిగాడు. నవ్యశ్రీ ఇంకా అక్కడే నిలబడి ఉంది.

"చూశావా? ఇదీ సింధుశాఖ. తెలిసిందా?" అన్నాడు.

బడిలో ఆ పిల్ల ఆయన్ని ఎప్పుడూ సార్ అనే పిలిచేది.

"నాకు తెలుసు నాన్నా" అంది. "నువ్వే చెప్పవేమో అనుకున్నా."