మూడు అంగుళాలు అనుకుంటే ఐదు

మా బాపు పికప్ అమ్మేస్తానని చెప్పింది శుక్రవారం పొద్దున. నేను దానికి కొత్త టైర్లు కొన్నది గురువారం సాయంత్రం. నాలుగు టైర్లూ బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లోని మా ఇంట్లో, అమ్మ బీడీలు చుట్టుకునే మూల గోడకు ఆనించి ఉన్నాయి. బాపు వాటిని కళ్లారా చూస్తూనే ఆ మాట అన్నాడు. చూడకుండా అనివుంటే నాకు అంత కోపం వచ్చేది కాదు.

నా పేరు మయూరి. బాపు పేరు సిద్ధరాములు. ఆయన ఇరవై రెండేళ్లు ఆ పికప్ నడిపాడు. పని ఒక్కటే. సైజింగ్ మిల్లులో నూలుకు గంజి పట్టించి పెద్ద ఇనుప బీములకు చుడతారు. ఆ బీములను తెచ్చి అశోక్ చౌక్ వెనక గల్లీల్లోని మరమగ్గాల కార్ఖానాల్లో దించాలి, ఖాళీ బీములను తిరిగి తీసుకుపోవాలి. నిండు బీము ఇద్దరు మనుషుల బరువుంటుంది. రెండేళ్ల కిందట ఒకటి జారి బాపు కుడి భుజం మీద పడింది. అప్పటి నుంచి ఆ చెయ్యి చెవి దాటి పైకి లేవదు. స్టీరింగ్ నాకిచ్చాడు గానీ బండి మాత్రం ఇవ్వలేదు. ఎవరు అడిగినా 'నా బండి' అనేవాడు. నేను బయట నడుపుతుంటే, ఆయన ఇంట్లో కూచుని నేను ఏ మలుపులో ఏం తప్పు చేస్తున్నానో ఊహించుకుని తిట్టేవాడు. తిట్లు చాలావరకు సరిగ్గానే ఉండేవి, అదే నాకు మంట.

ఈ ఏడాది సైజింగ్ ఊరి బయటికి మారిపోయింది. ఆ దారిలో ఒక వాగు ఉంది. వంతెన కడతామని తవ్వి, రాళ్లు పోసి, అలాగే వదిలేశారు. తొలి వానల్లో సరిగ్గా ఆ రాళ్ల మధ్య మా బండి కడుపు ఒక బండరాయికి తగులుకుని ఆగిపోయింది. ముందుకు రాదు, వెనక్కి పోదు. పైన కప్పిన తాడిపత్రి పట్టా గాలికి లేచింది. గంజి పట్టిన నూలు తడిస్తే పోగుకు పోగు అంటుకుపోతుంది, ఇక మగ్గం ఎక్కదు. నర్సప్ప కాక బీములు రెండు అలా పాడయ్యాయి. నర్సప్ప కాకకు అశోక్ చౌక్ వెనక గల్లీలో చద్దర్ల కార్ఖానా ఉంది, మా పనిలో సగం ఆయనదే. ఆయన అరవలేదు. ఆదివారం ఆరు బీములు తేవాలి, పొడిగా దించితే పని మీదే, లేకపోతే ఎత్తు లారీ వాళ్లకు ఇచ్చేస్తానని మెల్లగా చెప్పాడు.

బాపు ఆ ఆదివారం ఏమవుతుందో చూడకుండానే నిర్ణయం చేసేసుకున్నాడు. సోమవారం బండి చూసుకోవడానికి ఒక మనిషి వస్తాడని చెప్పాడు. నాకు ఇరవై ఆరేళ్లు. నాకు బాగా వచ్చిన పని, పొద్దున లేస్తూనే చేయాలనిపించే పని అదొక్కటే. బండి పోతే అమ్మ పక్కన చాట ఒళ్లో పెట్టుకుని కూచోవాలి. బీడీలు చుట్టడం చిన్న పని కాదు, ఆ బీడీలే మమ్మల్ని పెంచాయి. కానీ ఒకచోట రోజంతా కూచుంటే నాకు పిచ్చెక్కుతుంది, ఆ సంగతి అమ్మకు నాకంటే బాగా తెలుసు. అందుకే అమ్మ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా, ఇంట్లో కాలు చాపుకునే జాగ లేదని, ఆ టైర్లను సోమవారం దాకా బండికైనా తగిలించి పెట్టుకోమని అంది. బాపు వద్దనేలోపు నేను రెండు టైర్లు బయటికి దొర్లించేశాను.

కొంతం చౌక్ దగ్గర మా మేనమామ కొడుకు ఋషికేశ్‌కు గ్యారేజీ ఉంది. నేను బండి తీసుకుపోయి, దీన్ని ఆరు అంగుళాలు లేపు అన్నాను. బావ నన్ను, టైర్లను, బండిని వరసగా చూసి చేతులు తుడుచుకున్నాడు.

"ఆరా? బీములేసుకొని మొదటి మలుపుల్నే పండుకుంటది. రెండు లేపుత, టైర్లతోని ఒకటి వస్తది. మూడు చాలు, బస్."

నాకు కోపం వచ్చింది గానీ, వాదిస్తే వీడు పని మొదలుపెట్టడని కూడా తెలుసు. శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టాం. మా బండికి ముందూ వెనకా కమాన్ కట్టలే, అంటే ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులే. వెనక ఇరుసుకూ కట్టకూ నడుమ రెండంగుళాల ఇనుప దిమ్మలు పెట్టి, పొడుగు యూ బోల్టులతో బిగించాడు. ముందు వైపు కట్టలు వేలాడే లంకెలు తీసి, వాటికంటే పొడుగువి వేశాడు. అలసిపోయిన పట్టీలు తీసేసి, ఒక్కో వెనక కట్టకు ఒక కొత్త పట్టీ అదనంగా చేర్చాడు. బ్రేకు గొట్టం సాగి బిగుసుకుంటే దాన్నీ మార్చాడు. నేను టేపు పట్టుకుని చుట్టూ తిరిగాను. వాగులో బండరాయి ఎత్తు ముందే కొలిచి చేతి మీద రాసుకున్నాను. బండి కడుపు ఎంత లేచింది, కార్ఖానా గల్లీ మొదట్లో అడ్డంగా పోయే తీగ ఎంత ఎత్తుంది, మా ఇంటి ముందు రేకు ఎంతుంది, అన్నీ కొలిచాను. ఆ రోజు నేను కొలవనిది ఏదీ లేదని బావ చెమట తుడుచుకుంటూ వెక్కిరించాడు. ఒకటుంది, అది మాకిద్దరికీ తట్టలేదు.

కొత్త టైర్లు వేసి జాకీ దించిన క్షణం చెప్పాలి. బండి నేల మీద కూర్చుని, ఒకసారి ఊగి, అలాగే నిలబడింది. చిన్నప్పటి నుంచి నేను చూసిన బండే. ఆ డొక్కు మొహమే, బాపు రాయించిన దేవుడి పేరే. కానీ మొదటిసారి తల ఎత్తుకుని నిలబడినట్టుంది. నేను గట్టిగా నవ్వేశాను. పక్క కొట్టు వాళ్లు తొంగి చూశారు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఎడమ టైరు మడ్‌గార్డు అంచుకు రాసుకుంది, బావ సుత్తెతో నాలుగు దెబ్బలు వేసి ఆ అంచును లోపలికి మడిచాడు. దీపాలు ఆకాశం వైపు చూస్తున్నాయని వాటినీ కిందికి దించాడు. ఇంటికి వస్తుంటే ఎదురొచ్చే రిక్షాల పైకప్పులు కనిపించాయి. అంతకుముందు ఎప్పుడూ కనిపించలేదు. ఏం దొరికిందని అంత సంతోషం అంటే చెప్పలేను, కానీ రెండు గేర్లు మార్చేసరికి నేను పాట పాడుతున్నాను.

బాపు ఇంటి ముందు నిలబడి చూశాడు. చుట్టూ తిరిగి వెనక టైరును కాలితో ఒకసారి తన్నాడు. తిట్టకపోవడమే నాకు వింతగా అనిపించింది.

ఆదివారం పొద్దున సైజింగ్‌లో గొలుసు కప్పీతో ఆరు బీములు బండిలోకి దించారు. నేను వాటికి రెండు తాడిపత్రీలు కప్పి, నాలుగు వైపులా బిగించి, బయలుదేరాను. రాత్రంతా వాన పడింది. వాగు దగ్గరికి వచ్చేసరికి నీళ్లు మోకాలి దాకా, ఎర్రగా, వేగంగా పోతున్నాయి. ఒక చిన్న టెంపో అవతలి గట్టున ఆగి ఉంది. దాని డ్రైవరు నన్ను ఆగమని చెయ్యి ఊపాడు. నేను మొదటి గేరు వేశాను. ఇంజను మీద బరువు తెలుస్తోంది, పెద్ద టైర్లకు అది కొంచెం మూలుగుతోంది. బండరాయి ఉన్న చోటు నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. ఆ చోటు వచ్చింది. కింద నుంచి ఆ చప్పుడు కోసం ఎదురు చూశాను. చప్పుడు రాలేదు. ముందు టైర్లు అవతలి గట్టు పట్టుకుని, జారి, మళ్లీ పట్టుకుని పైకి లాగాయి. నీళ్లు కారుతున్న బండి గట్టెక్కింది. ఆ టెంపో మనిషి నోరు తెరుచుకుని చూస్తున్నాడు. నేను హారన్ అవసరం లేకపోయినా రెండుసార్లు కొట్టాను. దారి పొడవునా నాలో నేనే మాట్లాడుకుంటూ వచ్చాను, ఎక్కువగా బాపుతోనే.

నర్సప్ప కాక కార్ఖానా అరుగు మీద బాపు కూచుని ఉన్నాడు. రమ్మని నేను అడగలేదు. ఇద్దరు హమాలీలు గుట్కా నములుతూ గోడకు ఆనుకుని ఉన్నారు. నేను బండిని వెనక్కి తెచ్చి అరుగుకు ఆనించి, దిగి, గర్వంగా తాడిపత్రి లాగేశాను. బీములు ఎండాకాలం గోడల్లా పొడిగా ఉన్నాయి. నర్సప్ప కాక నూలు మీద చెయ్యి వేసి చూసి తల ఊపాడు. సరిగ్గా అప్పుడు హమాలీల్లో పెద్దవాడు అరుగుకూ బండికీ నడుమ పలకలు వేసి, వాటిని చూసి ఆగిపోయాడు.

ఆ గల్లీల్లో కార్ఖానా అరుగులన్నీ బండి ఎత్తుకే కడతారు. ఖాళీ బండి ఎత్తుకు కాదు, నిండు బండి ఎత్తుకు. బీముల బరువుకు కమాన్ కట్టలు రెండంగుళాలు కుంగుతాయి. అప్పుడు బండీ అరుగూ సమానమై, నడుమ రెండు పలకలు వేస్తే బీము నిమ్మళంగా దొర్లుకుంటూ లోపలికి పోతుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అది సమానంగానే ఉంది, అందుకే నేను దాన్ని ఏనాడూ కొలవలేదు. ఇప్పుడు మూడంగుళాలు లేచింది. పైగా కొత్త పట్టీల వల్ల కుంగాల్సిన ఆ రెండంగుళాలూ కుంగనే లేదు. వెరసి ఐదు అంగుళాలు. పలకలు ఏటవాలుగా లేచి ఉన్నాయి. ఆ వాలు మీద ఒకసారి కదిలిన బీమును ఆపడం ఎవరి తరమూ కాదు. పోయి పోయి మగ్గాలకే కొట్టుకుంటుంది, లేదా నడుమ ఎవరి కాలో చితుకుతుంది. హమాలీలు తమ కాళ్లు తమకు కావాలని చెప్పి పక్కకు జరిగారు. వాళ్లది తప్పు కాదు. ఆకాశం మళ్లీ నల్లబడుతోంది. వాగు దాటి వచ్చిన నేను ఇంటి గడప దగ్గర బోర్లా పడ్డాను. నా మీద నాకే అంత అసహ్యం వేసింది, ఏడుపు వస్తుంటే బండి చాటుకు పోయి మొహం తుడుచుకున్నాను. ఎత్తు లారీ వాళ్లకు చిన్న క్రేన్ ఉంటుందని నర్సప్ప కాక ఎవరితోనో ఫోనులో అంటున్నాడు.

బాపు లేచాడు. పలకల వాలును కాసేపు చూసి, కార్ఖానా లోపలికి పోయాడు. ఆదివారం గనక మగ్గాలు ఆగి ఉన్నాయి. తిరిగి వచ్చేటప్పుడు ఎడమ భుజం మీద రెండు బారు తాళ్లు ఉన్నాయి. మగ్గం మీద బీము తనంతట తాను తిరగకుండా దాని చివర గాడిలో చుట్టి బరువు వేలాడదీసే తాళ్లు అవి.

"మగ్గం మీద బీము ఉరుకుతదా?" అన్నాడు నాతో.

"ఉరుకదు."

"మరి ఈడ ఎట్ల ఉరుకుతది? ఎక్కు పైకి."

ఇద్దరం బండి మీదికి ఎక్కాం. రెండేళ్ల తర్వాత ఆయన ఆ బండి ఎక్కడం అదే మొదలు. తాడు ఒక కొసను బండి పక్క కడ్డీకి కట్టాడు. దాన్ని బీము చివర ఉన్న గాడిలో చుట్టి, రెండో కొసను అదే కడ్డీకి ఒక మెలిక తిప్పి ఎడమ చేత్తో పట్టుకున్నాడు. రెండో వైపు అలాగే నన్ను పట్టుకోమన్నాడు. నూలుకు తాడు తగలకూడదని రెండుసార్లు చెప్పాడు. తర్వాత బీమును మోకాలితో మెల్లగా నెట్టాడు. బీము వాలు మీదికి వచ్చింది. దూకుతుందని తాడు రెండు చేతులా పట్టుకున్నాను. అది దూకలేదు. తాడు కడ్డీ మీద కిర్రుమంటూ మేం వదిలినంతే వదులుతోంది, బీము ఒక్కో చుట్టూ తిరుగుతూ కిందికి పోతోంది. ఇనుప కడ్డీయే బరువంతా మోస్తోంది, చేతికి కొంచెమే తెలుస్తోంది. ఆ కొంచెం బాపు ఎడమ చేతికి చాలు. ముందు రోజుల్లో ముగ్గురు నెట్టాల్సిన బీము ఇప్పుడు తనంతట తానే లోపలికి పోయి, హమాలీల ముందు ఆగింది. వాళ్లు దాన్ని పక్కకు తిప్పుకోవడం తప్ప చేయాల్సింది ఏమీ మిగల్లేదు.

మూడో బీముకు నేను తొందరపడి తాడు ఎక్కువ వదిలాను. బాపు తిట్టాడు. నాకు ఆ తిట్టు ఎంత బాగుందో చెప్పలేను. ఆరోది దిగేసరికి ఇద్దరి చొక్కాలూ తడిసిపోయాయి, ఆయన మొహం మీద నేను ఎప్పుడో మరచిపోయిన నవ్వు ఉంది. భుజం పోయిందని ఇంట్లో కూచున్న మనిషి పలకల నడుమ నిలబడి, వాలు ఎక్కువైతే మంచిదే, ఇంకో అంగుళం ఉన్నా నష్టం లేదని హమాలీలకు పాఠం చెబుతున్నాడు. అది నా పొరపాటని, ముందుచూపు కాదని నేను చెప్పలేదు. ఆయనకు తెలుసు.

నర్సప్ప కాక ఫోను జేబులో పెట్టుకుని అరుగు అంచుకు వచ్చాడు. మర్నాడు సోమవారం. బండి చూడటానికి మనిషి వచ్చే రోజు.

"సిద్ధన్నా, రేపు ఇంకో ఆరు బీములున్నయ్. ఎన్నింటికి వస్తవ్?"

బాపు తాళ్లు చుట్టుకుంటూ తల ఎత్తలేదు.

"నన్నేం అడుగుతవ్ సేటూ. బండి ఆమెది. నేను హమాలిని."

నర్సప్ప కాక నా వైపు తిరిగి అదే మాట అడిగాడు. పొద్దున ఆరింటికి వస్తానన్నాను. మెల్లగా అన్నానేమో, ఆయనకు వినపడలేదు, రెండోసారి గట్టిగా చెప్పాను.