మైనం ముక్కు

అవతలి దేశంవాళ్ల ముక్కు ఎలా ఉంటుందో ఇక్కడ పాలు తాగే పిల్లనడిగినా చెబుతుంది. పెదవి మీదికి వంగి, చివర ఉండలా వేలాడుతూ ఉంటుంది. చెప్పినవాళ్లెవరూ సరిహద్దు దాటి వెళ్లి చూసొచ్చినవాళ్లు కారు. వెళ్లాల్సిన అవసరమేముంది, వారం వారం టీవీలో కనబడుతూనే ఉంటే?

ఆ ముక్కుని పుట్టించింది మేకప్ గదిలో పనిచేసే రంగులక్క. పాతికేళ్ల కిందట, పనిలో చేరిన కొత్తలో, ముక్కు చేసే మైనంలో గుగ్గిలం కలపడం మరిచిపోయింది. గుగ్గిలం లేని మైనం లైట్ల వేడికి నిలబడదు. సరిగ్గా ప్రత్యక్ష ప్రసారం నడుస్తుండగా, అవతలి దేశపు గూఢచారి వేషం వేసినవాడి తీరైన ముక్కు కాస్తా మెల్లగా జారి పెదవి మీద కూర్చుంది. అతను తెర పక్కకి రాగానే ఆమె బొటనవేలితో దాన్ని ఆపబోయింది. ఎడమ పక్కన చిన్న నొక్కు పడిందే తప్ప ముక్కు ఆగలేదు. ఉద్యోగం ఊడినట్టేనని ఆమె బెంబేలెత్తిపోతుంటే హాల్లో జనం కడుపు పట్టుకుని నవ్వారు. డైరెక్టరు పరుగున వచ్చి, ఇకనుంచి అవతలివాడంటే ఇదే ముక్కు అన్నాడు.

అప్పటినుంచి ఆమె ఆ జారిన ముక్కునే, నొక్కుతో సహా అచ్చు తీసి, గుగ్గిలం దట్టించి గట్టిగా చేస్తోంది. గూఢచారికీ అదే, వడ్డీవ్యాపారికీ అదే, ఆఖరికి పెళ్లికొడుక్కీ అదే. తన మతిమరుపు ఒక దేశం మొత్తానికి మొహమై కూర్చుందన్న సంగతి ఆమెకి తట్టలేదు. తట్టేంత తీరిక ఎవరిచ్చారు గనక?

ఈ వారం ఆమె కుర్చీలో నిజంగానే అవతలి దేశం మనిషి కూర్చున్నాడు. రెండు ప్రభుత్వాలకీ కొత్తగా స్నేహం కుదిరింది. ఆ సందడిలో అక్కడి పేరున్న హాస్యనటుణ్ణి ఒక వేషానికి పిలిపించారు. తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ సరిహద్దు దాటి వచ్చిన తండ్రి వేషం. జీవితమంతా జనాన్ని నవ్వించినవాడు, చచ్చేలోగా ఒక్కసారైనా ఏడిపించాలని ఆశపడి ఒప్పుకున్నాడట.

రంగు అద్దబోయి రంగులక్క ఆగిపోయింది. వేళ్ల కింద వెచ్చటి చర్మం, గడ్డం గీసుకుంటుంటే పడిన గాటు, కళ్లజోడు ఒత్తుకుని ముక్కుకి రెండు పక్కలా ఏర్పడ్డ గుంటలు. ఆమె తండ్రికీ సరిగ్గా అక్కడే ఉండేవి ఆ గుంటలు. ఇన్నేళ్లుగా తను చేస్తున్న మొహం ఈ మొహంలో ఏ మూలా లేదు. ఎప్పుడూ చూడని సముద్రం ఒడ్డున నిలబడ్డట్టు ఆ మామూలు మొహం ముందు నిలబడిపోయింది.

అంతలో డైరెక్టరు తలుపు తోసుకొచ్చాడు. ఆయనకి కోపం ముక్కు మీదే ఉంటుంది. నటుణ్ణి ఎగాదిగా చూసి, అవతలివాడిలా లేడే అని పెదవి విరిచి, ముక్కు పెట్టమన్నాడు. పెడితే ఏడుపు సీను నవ్వులపాలవుతుందని రంగులక్క నసిగింది. పెట్టకపోతే ఎవరో పక్కింటాయన ఏడుస్తున్నాడనుకుంటారు జనం, అన్నాడు డైరెక్టరు. చెప్పింది చెయ్యి, లేదంటే రేపటినుంచి రానక్కర్లేదని కూడా చెప్పి వెళ్లిపోయాడు.

నటుడు నొచ్చుకోలేదు. సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత తెరిచాడు. లోపల రబ్బరు ముక్కు, పెదవి మీదికి వంగి, చివర ఉండతో.

"ఇది అడుగుతారని తెలిసే తెచ్చుకున్నానమ్మా," అన్నాడు. మన భాష మన టీవీ చూసే నేర్చుకున్నాడట. "మా బజార్లో అమ్ముతారు. మా పిల్లలు మా బొమ్మ గీసినా ఇప్పుడు ఈ ముక్కే గీస్తున్నారు."

రంగులక్క దాన్ని అరచేతిలోకి తీసుకుని తిప్పి చూసింది. ఎడమ పక్కన నొక్కు. తన బొటనవేలు పెడితే సరిగ్గా పట్టింది. తను ఎన్నడూ దాటని సరిహద్దుని తన వేలిముద్ర దాటి, ఊళ్లన్నీ తిరిగి, పిల్లల బొమ్మల్లో దూరి, తిరిగి తన దగ్గరికే వచ్చింది. ఈ ముక్కుని మొదట చేసింది నేనేనని అతనికి మెల్లగా చెప్పింది.

అతను తన పొట్ట ముందు చేతులతో పెద్ద సున్నా చుట్టాడు. అక్కడి నాటకాల్లో మనవాళ్లకి ఇంత పొట్ట ఉంటుందట, లోపల దిండు పెట్టి కడతారట.

"ఆ దిండు కట్టుకుని మిమ్మల్ని ఇన్నేళ్లూ వెక్కిరించింది నేనేనమ్మా," అన్నాడు.

గాలొస్తే ఎగిరిపోయేలా ఉండే రంగులక్క గబుక్కున తన పొట్ట వంక చూసుకుంది. ఇద్దరూ కళ్ల వెంట నీళ్లొచ్చేదాకా నవ్వుకున్నారు.

నవ్వు ఆగాక ఆమె స్టవ్వు మీద మైనం గిన్నె పెట్టింది. గుగ్గిలం డబ్బా అందుకుని, మూత తీయకుండానే పక్కన పెట్టేసింది.

"ఇది జారుతుందన్నయ్యా," అంది. "జారాక ఏం చేస్తారో మీ ఇష్టం."

అతను స్టేజి మీదికి రాగానే హాలు గొల్లుమంది. మా పాపని చూశారా అని అడిగితే ఇంకా నవ్వారు. లైట్ల వేడికి ముక్కు జారడం మొదలయ్యేసరికి కుర్చీలు చరుస్తూ నవ్వారు. తెర పక్కన నిలబడ్డ రంగులక్క ఆ నవ్వుని గుర్తుపట్టింది. అదే నవ్వు, ఆ మొదటి రోజు నవ్వే. ఉద్యోగం పోతే పోయింది, ఈ పెద్దమనిషిని నిలువునా ముంచానా అని అల్లాడిపోయింది.

అతను ముక్కు మీద చెయ్యి వేసి మెల్లగా ఊడదీశాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు ఓసారి దాని వంక చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. రుమాలుతో మొహం తుడుచుకుంటే కళ్లజోడు గుంటలు బయటపడ్డాయి. అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒకావిణ్ణి, ఇందాకటి గొంతుతోనే, మళ్లీ అడిగాడు.

"అమ్మా, మా పాపని చూశారా?"

ఎవరూ నవ్వలేదు. అంత పెద్ద హాల్లో లైట్ల రొద మాత్రం వినబడింది. కేకలేయడానికి నోరు తెరిచిన డైరెక్టరు తెరిచినట్టే ఉండిపోయాడు.

ముందు వరసలో ఆవిడ, అది నాటకమన్న సంగతే మరిచిపోయి, లేచి నిలబడింది.

"లేదన్నయ్యా," అంది. "ఎలా ఉంటుంది మీ పాప?"